చక్కెర లేని కేకులో ఏముంది?

సికిందరాబాదులో ఏ బేకరీకి వెళ్లినా "షుగర్ ఫ్రీ" కేకు కనబడవచ్చు. మధుమేహం ఉన్న తాతయ్య దాన్ని నిర్భయంగా తినవచ్చునా? తొందరపడకండి. పెట్టె వెనుక చిన్న అక్షరాలు చదవండి.

మన దేశంలో 100 గ్రాములలో చక్కెరలు 0.5 గ్రాముకు మించకపోతే ఆ మాట రాసుకోవచ్చు. పిండి ఆ లెక్కలోకి రాదు! కేకులోని మైదా పేగులలో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. నమ్మకం లేదా? తెల్ల కేకు ముక్కపై ఒక చుక్క టింక్చర్ అయొడిన్ వేయండి. నలుపు కలిసిన నీలిరంగు వస్తే అది పిండే. చాక్లెట్ కేకయితే రంగు తెలియదు. ఆ ముక్కను మాత్రం తినకండి సుమా!

మరి తీపి ఎక్కడిది? 955 అని ఉంటే సుక్రలోజు. అది చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి, కనుక రవంత చాలు. కాని చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు. కేకుకు బరువు, మెత్తదనం కూడా దానివే. ఆ లోటు పూడ్చడానికి 965, అంటే మాల్టిటాలు కలుపుతారు. గ్రాము చక్కెరలో 4 కేలరీలుంటే ఇందులో సుమారు 2.4. సున్న కాదు, చూశారా! పైగా ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకోవచ్చు.

సికిందరాబాదు పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. చక్కెర లేదన్న పదార్థాలలో కొవ్వు, మైదా, మాల్టిటాలు దండిగా ఉండవచ్చునని అది 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో హెచ్చరించింది. తాతయ్యకు పెట్టె మీద కార్బోహైడ్రేట్ల ఎదుట ఉన్న అంకె చదివి వినిపించండి. ఎంత ముక్క తినాలో ఆయన వైద్యుడు చెబుతాడు.