కావలి బండికి సౌర విద్యుత్తు



అడవిపందుల బెడద గల చోట్ల చిన్న ట్రాలీపై రేకు కప్పించి, దానిని గట్టున నిలిపి, రాత్రులు అందులోనే కావలి పడుకొనుట కలదు. చేను మారినచో బండియు మారును. అక్కడికి కరెంటు తీగ రాదు. దీపము లేని కావలిలో పాము భయమెంతటిదో మీకు చెప్పనక్కరలేదు. ఇట్టి బండికి సౌర విద్యుత్తు తగినది. అయితే ముందుగా సోలార్ ప్లేటు కొని, తరువాత లెక్క చూచుకొనుట పొరపాటు. సంసారమునకు వలెనే దీనికిని ఖర్చు, నిల్వ, రాబడి అను మూడు లెక్కలు కలవు.

ఖర్చు: వాట్లను గంటలతో హెచ్చవేయవలెను. 9 వాట్ల దీపము 5 గంటలకు 45, 25 వాట్ల ఫ్యాను 8 గంటలకు 200, రెండు సెల్‌ఫోన్లకు సుమారు 30. వెరసి రాత్రికి 275 వాట్-గంటలు. దీపము, ఫ్యాను 12 వోల్టుల డి.సి. రకమువి కొనుడు. అప్పుడు ఇన్వర్టరుతో పని లేదు.

నిల్వ: 12 వోల్టుల, 100 ఏ.హెచ్. సీసపు బ్యాటరీలో 1200 వాట్-గంటలు పట్టును. అందులో సగమే వాడవలెను. ఆ సగము రెండు రాత్రులకు వచ్చును. తరచుగా పూర్తిగా దింపినచో బ్యాటరీ త్వరలో చెడును. ట్రాక్టరు బ్యాటరీ ఇంజను తిప్పుటకు చేసినది. రాత్రంతయు నెమ్మదిగా వాడుకొనుటకు అది పనికిరాదు. ట్యూబులర్ రకము మేలు.

రాబడి: రోజుకు 4 గంటల నిండు ఎండ వచ్చునని, నూటికి 30 వంతులు నష్టమగునని లెక్కించినచో 100 వాట్ల ప్లేటు బొటాబొటిగా చాలును. మబ్బు రోజులుండును గనుక 150 వాట్లది పెట్టుకొనుట మంచిది.

అమర్చు విధము: ప్లేటు వేడెక్కిన కొలది రాబడి తగ్గును. కనుక రేకునకు, ప్లేటునకు నడుమ రెండు అంగుళములు గాలికి విడువవలెను. బండిని చెట్టు క్రింద నిలుపరాదు; ప్లేటుపై ఒక మూల నీడ పడినను రాబడి చాల పడిపోవును. బండి కుదుపులకు నట్లు వదులగును గనుక స్ప్రింగు వాషర్లు వేసి బిగింపుడు.

ప్లేటును తిన్నగా బ్యాటరీకి కలుపక, నడుమ 15 ఆంపియర్ల చార్జ్ కంట్రోలరు ఉంచవలెను. దానికి ముందు బ్యాటరీని, పిదప ప్లేటును కలుపుడు. విప్పునప్పుడు ముందు ప్లేటును విప్పుడు.

ప్రాణరక్షణ: బ్యాటరీ ప్లస్ కొనకు జానెడు దూరములోనే ఫ్యూజు ఉండవలెను. అది లేనిచో, తీగ ఒరిసి రేకునకు తగిలిననాడు నిదురించువాని ప్రక్కనే నిప్పు పుట్టును. సీసపు బ్యాటరీ చార్జి అగునప్పుడు మండెడి వాయువు వెలువడును. కావున దానిని పడక చోటున గాక, బయట గాలియాడు పెట్టెలో కదలకుండ కట్టియుంచుడు. దాని దగ్గర బీడీ కాల్చరాదు.

ప్లేటుపై దుమ్మును చల్లని వేళ నీటితో కడుగుడు. నెలకొకసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మట్టము చూడుడు. బండిని చేనికి తోలుకపోవుటకు ముందు ఇంటివద్దనే రెండు రాత్రులు వాడి చూచినచో, లోపమేదైన ఉన్నయెడల అక్కడనే బయటపడును.