ఇనప బొమ్మలకు మైనం మెరుగు

శిల్పారామంలో ముచ్చటపడి కొన్న బస్తర్ ఇనప జింకలు, కమ్మరి చేత్తో సాగగొట్టిన కొక్కేలు, దీపపు స్టాండ్లు మొదటి వానాకాలానికే తుప్పు చారలు కారుస్తాయి. పెయింటు కొట్టేస్తే సుత్తి పని అందమంతా దాని కింద పడిపోతుంది. మైనం రాసి చూడండి, ఇనుము ఇనుములాగే కనిపిస్తుంది, ఖర్చూ తక్కువే.

1. ముందు గోటితో గీకి చూడండి. బస్తర్ బొమ్మల మీద మామూలుగా వార్నిష్ ఉంటుంది. అది గట్టిగా ఉంటే తడిలేని గుడ్డతో తుడిస్తే చాలు, పొరలుగా లేస్తుంటేనే ఈ పని పెట్టుకోండి.

2. తుప్పును వైరు బ్రష్షుతో, వంపుల్లో పాత టూత్‌బ్రష్షుతో రాల్చేయండి. ఎర్రపొడి మిగిలుండగా మైనం రాస్తే లోపల తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

3. మరీ మొండి తుప్పయితే ఓ రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టండి. కాకపోతే కొలిమిలో వచ్చిన నల్లటి రంగు కూడా దాంతో పోతుంది, ఆ నలుపు మీద ఇష్టముంటే బ్రష్షుతోనే సరిపెట్టుకోండి.

4. తేనె మైనం, అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో తీసుకోండి. మైనం 65 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి తురిమి నూనెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెడితే చాలు, మాడదు, పొగ రాదు.

5. నూనె పెయింట్ల షాపులో ‘డబుల్ బాయిల్డ్’ అని అడిగి తెచ్చుకోండి. పచ్చి అవిసె నూనె వాడితే రోజుల తరబడి జిడ్డోడుతూ దుమ్మంతా పట్టుకుంటుంది.

6. స్టవ్ ఆర్పేసి, గిన్నెను ఆరుబయటికి తెచ్చాకే టర్పెంటైన్ కలపండి. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పోసుకుంటే చాన్నాళ్లు వస్తుంది.

7. వస్తువును మిట్టమధ్యాహ్నం డాబా మీద పెట్టి, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేలా కాగనిచ్చి రాయండి. మైనం సందుసందుకీ దానంతటదే దిగుతుంది, గ్యాసు ఖర్చూ లేదు.

8. పూత పల్చగా ఉండాలి, ఎక్కువైతే అంటుకుంటుంది. అరగంటాగి పాత నూలు పంచె ముక్కతో రుద్దితే మెత్తని మెరుపొస్తుంది. మర్నాడు రెండో పూత వేస్తే ఇంకా మంచిది.

9. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, అగ్గి తగలకుండానే వేడెక్కి అంటుకుంటాయి! నీళ్లలో ముంచి పడేయండి, లేదా ఆరుబయట విప్పి ఆరేయండి.

10. ఇంత ఓపిక లేదా? నల్ల బూటు పాలిష్ రుద్దేయండి, అదీ ఓ రకం మైనమే. గోడకు తగిలే వస్తువుకు మాత్రం రంగులేని పాలిషే వాడండి, లేకుంటే సున్నం పాడవుతుంది.

11. మైనం రాయబోయే ఇనుమును ఉత్త చేత్తో పట్టుకోకండి. చెమటలో ఉప్పుంటుంది, వేలిముద్రల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

12. మళ్లీ ఎప్పుడు రాయాలో నీటిబొట్టే చెబుతుంది: ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టు, పరుచుకుంటే అరిగినట్టు. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఈ పరీక్ష తరచుగా చేసుకోండి. మిగతావాళ్లు ఏటా తొలకరికి ముందు చేస్తే చాలు.

13. వానలో తడిసే గేట్లకూ కిటికీ ఊచలకూ మైనం దండగ. వాటికి రెడాక్సైడ్ కొట్టి, పైన పెయింటు వేయించండి.

14. మైనం రాసినదానికి తర్వాత పెయింటు వేయాలనిపిస్తే ముందు టర్పెంటైన్‌తో బాగా తుడవండి, లేకుంటే రంగు పట్టదు.

15. దీపపు స్టాండుకు వత్తి వెలిగే చోట మైనం రాయకండి, కరిగి పొగొస్తుంది. వంట పెనానికైతే ఈ ముద్ద అసలే వద్దు, మామూలు వంటనూనె రాసి కాల్చుకోండి.