వికీ పుట - గణాంకాల భారం

చదివేవాడే రాయగల, దిద్దగల పుటల సముదాయాన్ని వికీ అంటారు. 2001లో వెలసిన వికీపీడియాతో ఈ పద్ధతి లోకప్రసిద్ధమైనది. వ్యాసానికి ఇంత అనువైన పుట వేల వరుసల పట్టికను మోయగలదా అన్నదే ఇక్కడ మేము విచారించదలచిన విషయం.

మొదటిది కొలత. వికీపీడియాను నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒక పుటను 2 మెగాబైట్లకు మించనివ్వదు. రోమన్ అక్షరానికి ఒక బైటు చాలును. ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు కావలెను. అంటే ఒకే పట్టిక మన భాషలో త్వరగా పుటను నింపుతుంది! పైగా ఒక్క అంకెను దిద్దినా పుట అంతా కొత్త ప్రతిగా భద్రమవుతుంది.

అయితే మా దృష్టిలో అసలు బరువు బైట్లది కాదు, పునరుక్తిది. హైదరాబాదును గురించి ఉర్దూలో ఒక వ్యాసం, తెలుగులో ఒక వ్యాసం ఉన్నవి. పూర్వం ఏ భాష పుటలో ఆ పుట మిగిలిన భాషలన్నింటి లంకెలను రాసుకొనేది. నూరు భాషలుంటే 9,900 లంకెలు! తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాల సంగతీ ఇంతే. 2011 జనగణన అంకెలు ఊరూరి పుటలో విడివిడిగా చేరినవి. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుండి 31 అయినవి. ఊరు కదలలేదు, జిల్లా పేరు మారింది. ఆ పేరు ఎన్ని పుటలలో ఉన్నదో అన్ని పుటలూ దిద్దవలసినవే. పూర్వపు కరణం దఫ్తరంలో ఒక వరుస దిద్దితే సరిపోయేది కదా!

ఈ చిక్కు తీర్చుటకే 2012లో వికీడేటా ఏర్పడినది. అందులో ప్రతి విషయానికి ఒక సంఖ్య. హైదరాబాదు క్యూ 1361. 2013లో భాషల లంకెలు అక్కడికి చేరినవి. జనాభాను అక్కడ ఒకసారి దిద్దితే, దానిని వాడుకొనే పుటలన్నింటికీ అందుతుంది.

కాని ఆ కొట్టు సైతం నిండసాగినది. అంశాలు పది కోట్లు దాటినవి. వాటిని ప్రశ్నించి సమాధానం రాబట్టే యంత్రాంగం ఆ బరువుకు తాళలేకపోగా, 2025లో పరిశోధన వ్యాసాల సమాచారాన్ని వేరు చేసి రెండు భాగాలుగా విభజించారు. రెంటికీ సంబంధించిన ప్రశ్న వేయువారు ఇప్పుడు రెండు చోట్లా వెదికి, ఫలితాలను కలుపుకొనవలసి యున్నది.