ఆకా జనుల గానవిద్య

సంగీతమనగానే పాడువారొక వైపునను, వినువారొక వైపునను కూర్చుండిన సభ మనకు స్ఫురించును. అట్టి భేదము లేని సంగీతమొకటి ఆఫ్రికాఖండ మధ్యభాగమున కలదు. మధ్య ఆఫ్రికా గణతంత్ర రాజ్యమున నైరృతి దిశయందును, కాంగో గణతంత్ర రాజ్యమున ఉత్తర దిశయందును వ్యాపించిన దట్టమైన అరణ్యములలో ఆకా యను జనులు నివసించుచున్నారు. వలలు పన్ని మృగములను పట్టుట, తేనె తీయుట, దుంపలను కాయలను సేకరించుట వీరికి తరతరములుగా వచ్చిన జీవనోపాయములు.

వీరి గానము ఈ పనులకు వేరైన వినోదము కాదు. వేటకు సంబంధించి పాట కలదు. క్రొత్త తావున గుడిసెలు వేసికొన్నప్పుడు పాట కలదు. ఆప్తులు మరణించినప్పుడును పాట కలదు. చర్మవాద్యముల మ్రోతయు, చప్పట్లును లయను నిలుపుచుండగా స్త్రీలును, పురుషులును, పిల్లలును కలిసి పాడుదురు, ఆడుదురు.

మన భజనగోష్ఠిలో ఒకరు పాడిన పాదమును తక్కినవారందుకొందురు. గొంతులు పెక్కులైనను వరుస ఒక్కటియే. ఆకా జనుల పాట అట్టిది కాదు. అందు నాలుగు వేర్వేరు వరుసలు ఏకకాలమున నడచును. ఒక్కొక్క వరుసకు వారి భాషలో ఒక్కొక్క పేరు కలదు. పాటలోని మాటలను పలుకునది ప్రధానమైన వరుస. నిండుగొంతునుండి సన్నని గొంతునకు తటాలున మారుచు, మిక్కిలి హెచ్చు స్థాయిలో స్త్రీలు పాడునది మరియొకటి. తాళావర్తము మరల మరల తిరుగుచుండగా, ప్రతివారును తమ వరుసను అప్పటికప్పుడు కొంత మార్చుకొనుచు పాడుదురు. ఎవరెట్లు మార్చినను పాట చెదరదు.

1963లో మధ్య ఆఫ్రికాకు వెళ్లిన సిమ్హా ఆరోమ్ అను సంగీత పరిశోధకుడు ఈ అల్లికను విడదీయుటకు ఒక ఉపాయము పన్నెను. మొదట ఒకరి పాటను యంత్రమున పట్టి, దానిని రెండవవారికి చెవులకు తగిలించి వినిపించుచు, వారి వరుసను వేరుగా పట్టెను. ఇట్లు ఒక్కొక్క వరుసయు తేటపడెను. వినుటకు అడ్డులేనిదిగా తోచు ఆ గానమునకు కచ్చితమైన కట్టడి కలదని దీనివలన ఋజువైనది.

ఇంతటి విద్యకు వారియొద్ద గ్రంథము లేదు, స్వరలిపి లేదు, పాఠశాలయు లేదు. పసిబిడ్డ తల్లిని అంటిపెట్టుకొనియే పాటను వినును. నడక వచ్చిన పిమ్మట ఆటలో కలియును. తనకు చేతనైన వరుసను తానే పట్టుకొనును. పాడుటయే అచట నేర్చుట.

ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ 2003లో ఈ గానమును మానవజాతి వారసత్వములలో మేటియైనదిగా ప్రకటించి, 2008లో తన ప్రాతినిధ్య పట్టికలో చేర్చినది. అయినను అడవులు నరకబడుటచే వేటమృగములు తగ్గుచున్నవి. జనులు అడవిని వీడి పోవుచున్నారు. కొన్ని పాటలు యాత్రికుల వినోదమునకే మిగులుచున్నవి. యంత్రము పాటను పట్టి ఉంచగలదు గాని, పాడు నేర్పును బిడ్డకు అందింపజాలదు. వేటయే లేనిచోట వేటపాటకు పనియేమి? అరణ్యమును, అందలి బ్రతుకును నిలిచిననే ఆ గానము నిలుచును.