కింగ్‌స్టన్: ఏటా రెండు వానకాలాలు

జమైకా రాజధాని కింగ్‌స్టన్ కరీబియన్ సముద్ర తీర నగరం. ఇక్కడి వర్షపాతానికి ఏటా రెండు శిఖరాలు.

• తొలి వానలు: మే–జూన్.
• నడిమి విరామం: జులై. ఉత్తర అట్లాంటిక్ అధిక పీడనం బలపడి, వాణిజ్య పవనాలు వేగం పుంజుకోవడంతో వానలు తగ్గుతాయి.
• మలి వానలు: సెప్టెంబరు–నవంబరు. అక్టోబరులో అత్యధికం.
• పొడి కాలం: డిసెంబరు–మార్చి.
• వర్షచ్ఛాయ: ఈశాన్య వాణిజ్య పవనాలను బ్లూ పర్వతాలు (అత్యధిక ఎత్తు 2,256 మీటర్లు) అడ్డుకుంటాయి. అందుకే ఈశాన్య తీరంలోని పోర్ట్ ఆంటోనియోలో కుండపోత, కింగ్‌స్టన్‌లో కొరత. పశ్చిమ కనుమల చాటున ఉన్న అనంతపురానిదీ ఇదే కథ.
• హరికేన్ల కాలం: జూన్ 1–నవంబరు 30. గిల్బర్ట్ హరికేన్ 1988 సెప్టెంబరు 12న జమైకాను తాకింది.

గుర్తుంచుకోండి: నెలలను బట్టీ పట్టడం కన్నా పటంలో పర్వతాలను, గాలి దిశను కలిపి చదవండి. కారణం తెలిస్తే జవాబు తప్పదు.