సొంత సర్వరా, క్లౌడా?

బోధన్ దగ్గరి ఎడపల్లిలో కుల ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్తే కనిపించేది కంప్యూటరు, ప్రింటరే. సమాచారం ఉండేది ఎక్కడో డేటా సెంటర్‌లో. అక్కడి సర్వర్లు కొనుక్కుంటే సొంతం, వాడినంతకు అద్దె కడితే క్లౌడ్.

ఈ లెక్క బోధన్ ప్రాంతానికి కొత్తేం కాదు. ఇక్కడి చక్కెర మిల్లులో చెరకు క్రషింగ్ సీజన్ కోసం పెట్టిన యంత్రాలు మిగతా నెలలు ఖాళీగా ఉండేవి. పరీక్ష ఫలితాల రోజు రద్దీని చూసి సర్వర్లు కొన్నా అంతే! అక్కడ క్లౌడే మేలు. ఏడాదంతా లోడ్ ఒకేలా ఉంటే సొంతవి చవకపడొచ్చు. కానీ కరెంటు, ఏసీ, బ్యాకప్, సిబ్బంది ఖర్చులూ కలపాలి. చాలామంది మరిచేది ఇక్కడే.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో క్లౌడ్‌కు 5 లక్షణాలు, 3 సేవా నమూనాలు, 4 అమలు నమూనాలు ఉన్నాయి. ఆ నాలుగు: పబ్లిక్, ప్రైవేట్, కమ్యూనిటీ, హైబ్రిడ్. భారత ప్రభుత్వ క్లౌడ్ కార్యక్రమం పేరు మేఘ్‌రాజ్. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్లు ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో ఉన్నాయి. అమెజాన్ క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సమూహం) ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో మొదలైంది.

ప్రైవేట్ క్లౌడ్ అంటే సంస్థ సొంత ప్రాంగణంలోనే ఉండాలన్న వాక్యం పరీక్షలో వస్తే తప్పుగా గుర్తించండి. ఒకే సంస్థ వాడకానికి కేటాయిస్తే చాలు, బయట ఉన్నా అది ప్రైవేటే.