ఔట్‌బ్యాక్‌లో రుతువుల ఫొటోగ్రాఫర్: మబ్బు చూసి బయల్దేరితే ఆలస్యమే

2025 మార్చి చివర్లో ఆస్ట్రేలియా ఔట్‌బ్యాక్‌లోని, అంటే జనం పలచగా ఉండే లోపలి ప్రాంతంలోని, పశ్చిమ క్వీన్స్‌లాండ్‌ను వానలు ముంచెత్తాయి. చాలాచోట్ల 1974 నాటి వరద మట్టాలు కూడా చిన్నబోయాయి. నీట మునిగిన ఊళ్లు, కొట్టుకుపోయిన పశువులు కొన్నాళ్లు టీవీల్లో కనిపించాయి, ఆ తర్వాత వార్త చల్లబడింది. కొందరు ఫొటోగ్రాఫర్లకు మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ఎందుకంటే ఆ నీళ్లు సముద్రంలో కలవవు. కూపర్ క్రీక్, డయామంటినా లాంటి నదుల వెంట ఎండునేల మీద వందల కిలోమీటర్లు మెల్లగా పాకుతూ దక్షిణ ఆస్ట్రేలియాలోని కాటి తండా లేక్ ఐర్ వైపు వెళ్తాయి. ఆ సరస్సు అడుగు సముద్రమట్టానికి దాదాపు 15 మీటర్ల దిగువన ఉంటుంది. దేశం మొత్తంలో అంతకంటే పల్లపు చోటు లేదు. మామూలు రోజుల్లో అక్కడ కనిపించేది తెల్లటి ఉప్పు పొర ఒక్కటే. నీళ్లు చేరితే మాత్రం ఎక్కడెక్కడి గూడబాతులో వేల సంఖ్యలో వచ్చి వాలతాయి.

నదుల మ్యాపు చదవడం వచ్చినవాళ్లకు ఈ సంగతి కొన్ని వారాల ముందే తెలుసు. సరస్సు దగ్గర్లోని విలియం క్రీక్ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉండే ఊరు. నీళ్లు చేరకముందే ఆ మ్యాపు తెలిసినవాళ్లు అక్కడ గది, చిన్న విమానంలో సీటు మాట్లాడుకుని ఉంచుకుంటారు. వార్త చూసి బయల్దేరినవాళ్లకు రెండూ దొరకడం కష్టం. వాతావరణాన్ని ఫొటో తీయడాన్ని వృత్తిగా ఎంచుకోవాలనుకునే విద్యార్థులకు నా సలహా ఒకటే. మూడో లెన్స్ కొనే డబ్బుతో ముందు ఎక్కడ వాన పడితే ఎక్కడ నీళ్లు తేలతాయో నేర్చుకోండి.

ఇంట్లోవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఎలాగూ ఉంటుంది: ఇది కూడు పెడుతుందా? దాచకుండా చెప్పాలంటే, 'ఔట్‌బ్యాక్ వెదర్ ఫొటోగ్రాఫర్ కావలెను' అన్న ప్రకటన మీకు ఎక్కడా కనిపించదు. ఈ పని చేసేవాళ్ల అసలు జీతం సాధారణంగా ఇంకోచోటి నుంచి వస్తుంది. తుపానులు, కార్చిచ్చుల ఫొటోలతో పేరు తెచ్చుకున్న నిక్ మోయిర్‌ను తీసుకోండి. ఆయన సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రిక ఫొటోగ్రాఫర్. మరికొందరు టూర్ గైడ్లుగా, వర్క్‌షాపులు నడిపేవాళ్లుగా, పర్యాటక శాఖలకు ప్రచార చిత్రాలు తీసేవాళ్లుగా బతుకుతూ, ప్రింట్ల అమ్మకం, స్టాక్ ఏజెన్సీల రాబడి దానికి కలుపుకుంటారు. డాక్యుమెంటరీ నిర్మాతలకు టైమ్‌లాప్స్ దృశ్యాలు ఇవ్వడం ఇంకో దారి.

ఉత్త సూర్యాస్తమయాల మార్కెట్ దాదాపు మూతపడినట్టే. అలాంటి బొమ్మలు ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో గీసి ఇస్తోంది. ఫలానా రోజున ఫలానా చోట నిజంగా జరిగినదాన్ని చూపే ఫొటోకే ఇంకా విలువుంది. అందుకే ఫొటో కింద రాసే వాక్యం కూడా మీ సరుకులో భాగమే. 'అందమైన మేఘాలు' అని రాసి పంపితే ఎడిటర్ పక్కన పెట్టేస్తారు. 'నవంబర్‌లో ఓ మధ్యాహ్నం టివీ దీవుల మీద లేచిన ఉరుముల మేఘం, డార్విన్ తీరం నుంచి' అని తేదీ, సమయంతో సహా రాస్తే వార్తాపత్రికకూ పాఠ్యపుస్తకానికీ పనికొస్తుంది.

ఆ టివీ దీవుల మేఘానికి ఓ ముద్దుపేరు ఉంది: హెక్టర్. డార్విన్‌కు ఉత్తరంగా ఉన్న ఆ దీవుల మీద, వానాకాలానికి ముందు వచ్చే ఉక్కపోత నెలల్లో దాదాపు ప్రతి మధ్యాహ్నం అది పుడుతుంది. అన్ని వైపుల నుంచీ వచ్చే సముద్రపు గాలులు వేడెక్కిన నేల మీద ఢీకొని ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇంత కచ్చితంగా సమయం పాటించే ఉరుముల మేఘం ప్రపంచంలో అరుదు కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. పిడుగుల ఫొటో నేర్చుకునేవాళ్లకూ ఇంతకంటే మంచి బడి దొరకదు.

ఔట్‌బ్యాక్ అనగానే మనవాళ్ల ఊహలో ఎర్రమట్టి ఎడారి ఒక్కటే మెదులుతుంది. ఉత్తరాన కకడూ జాతీయ పార్కుకు వెళ్తే ఆ ఊహ చెరిగిపోతుంది. టూరిస్టు బ్రోషర్లు అక్కడ రెండే కాలాలంటాయి: వాన, ఎండ. తరతరాలుగా ఆ నేలనే నమ్ముకుని బతుకుతున్న బినింజ్, ముంగుయ్ ప్రజల లెక్కలో మాత్రం మనకులాగే రుతువులు ఆరు. అక్టోబర్ మధ్య నుంచి ఉక్కపోసి సాయంత్రాలు ఉరిమే కాలం గునుమెలెంగ్. అసలు వానలు గుద్‌జెవ్గ్. ఏప్రిల్ ప్రాంతంలో వచ్చే బాంగెరెంగ్‌లో చివరి గాలివానలు మనిషెత్తు పెరిగిన గడ్డిని నేలమట్టం చేస్తాయి. మేలో మొదలయ్యే యెగ్గెలో తెల్లవారుజామున చెరువుల మీద మంచు తెర, కింద కలువలు. తర్వాత చలిగాలుల వుర్గెంగ్, ఆపై వేడెక్కే గురుంగ్. కార్తెలు చూసి విత్తనం వేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. ఏ పువ్వు పూస్తే ఏ గాలి మళ్లుతుందో బినింజ్, ముంగుయ్ ప్రజలు చెబుతారు. ఫొటోగ్రాఫర్‌కు షూటింగ్ షెడ్యూలు అదే.

కకడూలోనే ఇంకో చిక్కుంది. జిమ్ జిమ్ జలపాతం వానాకాలంలో హోరెత్తుతుంది, కానీ అప్పుడు దారులన్నీ నీటి కిందే. విమానంలోంచి తప్ప చూడలేరు. దారి తెరిచాక కారులో వెళ్తే ధార సన్నబడుతుంది, సీజన్ చివరికి దాదాపు ఎండిపోతుంది. చాలామంది ఎండకాలంలో వెళ్లి పోస్టుకార్డులో చూసిన ధార ఏదని అడుగుతుంటారు. ఏ దృశ్యం ఏ నెలలో ఉంటుందో, ఆ నెలలో అక్కడికి చేరగలమో లేదో కూడా చూసుకోవాలి. కార్పెంటారియా సింధుశాఖ దగ్గరి బర్క్‌టౌన్‌కు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మేఘాల వేటగాళ్లు చేరేది ఇలా లెక్క వేసుకునే. అక్కడ తెల్లవారుజామున 'మార్నింగ్ గ్లోరీ' అనే గొట్టంలాంటి మేఘం ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు పొర్లుతూ వస్తుంది. ఒక్కోసారి దాని పొడవు 1,000 కిలోమీటర్లు ఉంటుందంటారు. గ్లైడర్లు నడిపేవాళ్లు దాని ముందు అంచు మీద తేలడానికే అంత దూరం వస్తారు. అది రోజూ రాదు. వారం ఎదురుచూసి ఒట్టి చేతులతో వెనుదిరిగినవాళ్లూ ఉన్నారు.

దేశం నడిబొడ్డున ఉలురు ఉంది. 348 మీటర్ల ఎత్తు, చుట్టూ 9.4 కిలోమీటర్లు. రాతి పైపొరలోని ఇనుము తుప్పుపట్టడం వల్ల వచ్చిన ఎరుపు అది. సాయంత్రం ఎండలో అది రాజుకున్నట్టు కనిపించే ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వానే పడే ఆ చోట (కరువుకు మారుపేరైన మన అనంతపురంలోనే 500 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది) గట్టి వాన కురిస్తే రాయి నల్లబడి, నిలువునా వెండిచారల్లా జలపాతాలు దూకుతాయి. వాన ఆగిన కొద్దిసేపటికే ఆగిపోతాయి. ఆ ఫొటో కోసం సెలవు పెట్టి వెళ్లేవాళ్ల కంటే పక్కనే యులారా రిసార్ట్ పట్టణంలో వంటగదిలోనో రిసెప్షన్‌లోనో పనిచేసే కుర్రాడికి అవకాశం ఎక్కువ. ఈ రంగంలో కుదురుకోవాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి: అక్కడే ఉండేలా చేసే ఉద్యోగం, అది ఏదైనా సరే, మొదటి మెట్టు.

ఉలురు దగ్గర అనుమతుల సంగతి తెలియకపోతే మాత్రం ఇబ్బందే. ఆ కొండ అనంగు ప్రజలది. 1985లో భూమి వాళ్లకు తిరిగి అప్పగించారు, 2019 అక్టోబర్ 26 నుంచి కొండ ఎక్కడం పూర్తిగా ఆపేశారు. కొండ చుట్టూ కొన్ని పవిత్ర స్థలాలను ఫొటో తీయవద్దని బోర్డులుంటాయి. అమ్మకానికో ప్రచారానికో తీసే ఫొటోలకు ముందుగా పర్మిట్ తీసుకోవాలి. 'ఎవరు చూశారులే' అని తీసినదాన్ని పేరున్న పత్రిక ఏదీ వేసుకోదు. ఆదివాసీల భూముల్లోకి, 'స్టేషన్లు' అనే భారీ పశుపెంపక క్షేత్రాల్లోకి వెళ్లాలన్నా ముందు అడగాల్సిందే. డ్రోన్ విషయంలోనూ అంతే. నేల నుంచి 120 మీటర్లు దాటకూడదు, మనుషులకు 30 మీటర్ల దూరం ఉండాలి, కంటికి కనిపించేంత మేరే ఎగరేయాలి. ఆ ఫొటోలతో డబ్బు సంపాదిస్తే పౌర విమానయాన సంస్థ దగ్గర డ్రోన్ నమోదు, అక్రిడిటేషన్ తప్పనిసరి.

కరువు కూడా వాతావరణమే. 1952 కరువులో చిత్రకారుడు సిడ్నీ నోలన్ క్వీన్స్‌లాండ్‌లో కెమెరాతో తిరిగి, ఎండి బిగుసుకుపోయిన పశువుల కళేబరాలను ఫొటోలు తీశాడు. నేటికీ ఆ దేశ కరువుల ప్రస్తావన వచ్చినప్పుడు ఆ బొమ్మలు బయటికొస్తాయి. వానల రుతువును అందంగా తీసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. రాని వానను తీయగలిగినవాళ్లు తక్కువ, వాళ్లను ఎడిటర్లు మరిచిపోరు.

పని మెళకువల్లో రెండు మాత్రం చెబుతాను. పిడుగుకు ట్రైపాడ్, తక్కువ ఐఎస్‌ఓ, ఎఫ్ 8 దగ్గర అపర్చర్. చీకటి పడ్డాక 10 నుంచి 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌ను రిమోట్‌తో ఆపకుండా తీస్తూ పోతే ఏదో ఒక ఫ్రేములో మెరుపు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉందని అర్థం. ట్రైపాడ్‌ను అక్కడే వదిలేసి కారెక్కాలి. ఇక చిన్న విమానంలోంచి లేక్ ఐర్‌ను తీసేటప్పుడు మోచేతిని, లెన్స్‌ను కిటికీకి ఆనించకూడదు, ఆ అదురు ఫొటోలోకి దిగుతుంది. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. పోలరైజర్ తీసేయాలి, లేదంటే ప్లాస్టిక్ కిటికీ అద్దంలో ఇంద్రధనుస్సు చారలు వచ్చి ఫొటో పాడవుతుంది.

కెమెరా కంటే ముందు ప్రాణం. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నాడట్టాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఎర్రధూళి ఎక్కడికైనా దూరుతుంది కాబట్టి ఆరుబయట లెన్స్ మార్చరు. వాన పడితే మట్టిరోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే జరిమానా. మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ఫోన్, అదనపు నీళ్లు కావాలి. మంచి వెలుగుండే తెల్లవారుజాము, మునిమాపు వేళల్లోనే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. అనుభవజ్ఞులు ఆ వేళల్లో బండి నడపరు, ఫొటో తీసే చోటే 'స్వాగ్' అనే కాన్వాస్ పడక పరుచుకుని నిద్రపోతారు. ఫోర్ వీల్ డ్రైవ్ నడపడం, ప్రథమ చికిత్స మీ రెజ్యూమెలో కెమెరా మోడల్ కంటే పైన ఉండాలి.

చదువు సంగతికొస్తే, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. గాంధీనగర్ ఎన్‌ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో పీజీ చేయొచ్చు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ, బ్రిస్బేన్‌లోని గ్రిఫిత్ యూనివర్సిటీ పేరున్నవి. నన్నడిగితే తక్కువమంది పట్టే దారి ఇంకోటి ఉంది: విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదువుతూ కెమెరా నేర్చుకోవడం. రాడార్ చిత్రాన్ని, ఉపగ్రహ చిత్రాన్ని చదవగలిగే ఫొటోగ్రాఫర్లు అరుదు. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ రాడార్ చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితం, ఇక్కడి నుంచే రోజూ చూస్తూ డార్విన్ మీద మేఘం ఎప్పుడు లేస్తుందో ముందే రాసుకుని సరిచూసుకోండి.

సాధన మాత్రం ఇంటి దగ్గరే. వేసవి గాలివానలు, లంబసింగి పొగమంచు, శీతాకాలంలో నేలపట్టుకు వచ్చే గూడబాతులు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని అదే చోటును ఏడాది పొడుగునా తీయండి. పిడుగుల హెచ్చరికకు 'దామిని' యాప్ ఉంది. పది చోట్లు తిరిగి తెచ్చిన మంచి ఫొటోల కంటే ఒకే చెరువును నాలుగు కాలాల్లో చూపే పోర్ట్‌ఫోలియో ఎడిటర్ చేతిలో ఎక్కువసేపు నిలుస్తుంది.

వెళ్లే మార్గాలు ప్రధానంగా రెండు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో పక్షానికి 48 గంటలు పని చేయొచ్చు. రెండోది 462 వర్క్ అండ్ హాలిడే వీసా. 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు 2024 అక్టోబర్‌లో తలుపు తెరిచారు, ఏడాదికి 1,000 మందిని లాటరీలో ఎంపిక చేస్తారు. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి, ఇంగ్లిష్ రావాలి, ఖర్చులకు డబ్బు చూపాలి. సాధారణంగా ఒకే యజమాని దగ్గర 6 నెలలకు మించి పని చేయకూడదు. మారుమూల ప్రాంతాల్లో నిర్దేశించిన పనులు చేస్తే రెండో ఏడాదికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఔట్‌బ్యాక్ కావాలనుకునేవాళ్లకు అది కలిసొచ్చే నిబంధన. లాటరీకి పేరు నమోదు ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. నిబంధనలు మారుతుంటాయి, ఆ దేశ హోం వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే కట్టండి. లాటరీలో పేరు తెప్పిస్తామంటూ లక్షలు అడిగే ఏజెంట్లకు అందులో చేయగలిగింది ఏమీ లేదు.